నామినీకి అమ్మ చనిపోవాలి, జీపీఏకి అమ్మకు మతి ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టసభల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. రాసిన మనిషికి మతి తప్పిన తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీకి చట్టంలో చోటివ్వమని అడగడానికే ఈ లేఖ.

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు బిజినెస్ లా చెబుతాను. 22 ఏళ్లుగా ఇదే పని. ఏజెన్సీ అంటే ఒకరు (యజమాని) తమ తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి (ఏజెంటు) ఇవ్వడం. ఆ చాప్టర్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను: ‘యజమాని గానీ ఏజెంటు గానీ మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ రద్దవుతుంది.’ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, సెక్షన్ 201. పిల్లలు రాసుకుంటారు, పరీక్షకు బట్టీ పడతారు, మర్చిపోతారు. నేనూ దాన్ని ఐదు మార్కుల వాక్యంగానే చూశాను, 2023 మార్చి దాకా.

ఆ నెలలో రాజమండ్రిలో అమ్మ ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్లాను. చేతిలో 2019లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించిన జీపీఏ ఉంది. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున వ్యవహరించే అధికారం నాకిస్తూ అమ్మ రాసిన పత్రం. చట్టం దృష్టిలో అదీ ఏజెన్సీయే. నాన్న ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, 2018లో పోయారు. ఆ మరుసటి ఏడాది అమ్మే అడిగి ఆ కాగితం రాయించింది. ‘ఇల్లు, బ్యాంకు, లాకరు అన్నీ నువ్వే చూసుకోవే, నేనిక తిరగలేను’ అంది. సబ్ రిజిస్ట్రార్ గారు ‘అమ్మా, ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా?’ అని అడిగితే, ‘ఇష్టం లేకపోతే ఇంత ఎండలో ఎందుకొస్తానండీ’ అని ఆయన్నే నవ్వించింది. అంతకంటే స్పష్టమైన సమ్మతి ఏ చట్టానికి కావాలో నాకు తెలియదు.

నాలుగేళ్లు ఆ కాగితం బాగానే పనిచేసింది. ఆ రోజు నేను వెళ్లింది అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరిందని. అమ్మను చూసుకోవడానికి పెట్టుకున్న అటెండెంట్‌ జీతం ఆ డబ్బులోంచే ఇవ్వాలి. మేనేజరు మంచివాడే. కుర్చీ చూపించి, ‘అమ్మగారు ఎలా ఉన్నారండీ, ఈ మధ్య కనబడటం లేదు’ అన్నాడు. నేను నిజం చెప్పాను. డిమెన్షియా అన్నారు, ఏడాది అవుతోంది, ఒక్కోరోజు నన్ను కూడా గుర్తుపట్టడం లేదు అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత జీపీఏ మడిచి నా చేతికిచ్చేస్తూ, ‘మేడమ్, మీరు నాకా మాట చెప్పకుండా ఉండాల్సింది’ అన్నాడు.

అతన్ని తప్పు పట్టను. అతను నా సబ్జెక్టే నాకు అప్పజెప్పాడు. అదే చట్టంలో సెక్షన్ 208 ఉంది. అధికారం రద్దయిన సంగతి అవతలివాళ్లకు తెలిసేదాకా వాళ్ల విషయంలో ఆ రద్దు అమల్లోకి రాదంటుంది. అంటే బ్యాంకుకు అమ్మ జబ్బు సంగతి తెలియనంతవరకు జీపీఏకి ప్రాణం ఉంది. నేను నోరు తెరిచిన క్షణాన పోయింది. ఆ పక్కనే సెక్షన్ 209: యజమాని పోయినా, మతి తప్పినా, ఏజెంటుకు అప్పగించిన ఆస్తిపాస్తుల్ని కాపాడటానికి తగిన చర్యలన్నీ ఆ ఏజెంటే తీసుకోవాలట. అంటే అమ్మ డబ్బును కాపాడే బాధ్యత నామీద ఇంకా ఉంది. దాన్ని ముట్టుకునే అధికారం మాత్రం లేదు.

రాజమండ్రి నుంచి తిరుగు రైల్లో ఒక్కటే ఆలోచన. అసలా జీపీఏ ఏ రోజున చచ్చిపోయింది?

అమ్మకు గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాసే అలవాటు. అర లీటరు అయితే గీత, లీటరు అయితే సున్నా, రాకపోతే ఇంటూ. 40 ఏళ్ల అలవాటు. 2021లో ఒకసారి వెళ్లినప్పుడు చూస్తే ఒక తేదీ మీద మూడు గీతలున్నాయి. మరో వారమంతా ఖాళీ. నవ్వుకున్నాం. పాలవాడితో ఒకటికి రెండుసార్లు గొడవ పడింది, డబ్బు ఇచ్చేశానని. చాదస్తం అనుకున్నాం. లాకరు తాళం పోయింది. ఇల్లంతా వెతికితే పోపుల పెట్టెలో, ఆవాల గిన్నె కింద దొరికింది. వయసు అనుకున్నాం. మనకు ఈ జబ్బుకు సరైన పేరు లేదు గానీ, జబ్బు కాదనుకోవడానికి మాత్రం బోలెడు మాటలున్నాయి: మతిమరుపు, చాదస్తం, మొండితనం, ముసలితనం. హైదరాబాద్ తీసుకొచ్చి న్యూరాలజిస్టుకు చూపించేసరికి 2022 వచ్చింది.

మూడు గీతల రోజున పోయిందా మతిస్థిమితం? తాళం దాచిన రోజునా? డాక్టరు చీటీ మీద ఆ పేరు రాసిన రోజునా? 1872లో చట్టం రాసినవాళ్ల ఊహలో మతి అంటే దీపం లాంటిది, వెలుగుతూ ఉంటుంది లేదా ఆరిపోతుంది. డిమెన్షియా అలా రాదు. పొద్దున తొమ్మిదింటికి మా అమ్మ మేడ మీద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల పిల్లల పేర్లు, వాళ్లు చదివే క్లాసులతో సహా చెబుతుంది. సాయంత్రం ఆరింటికి ‘మా ఇంటికి తీసుకుపో, మా అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది’ అని ఏడుస్తుంది. నిజానికి కాంట్రాక్ట్ చట్టమే సెక్షన్ 12లో ఈ సంగతి కొంత ఒప్పుకుంది. మామూలుగా మతి సరిగా లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చంటుంది. ఒప్పందానికి ఇచ్చిన ఆ వెసులుబాటు, అంతకు ముందే ఇచ్చిన అధికారానికి ఇవ్వలేదు.

మా కుటుంబం జాగ్రత్త లేనిదేమీ కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డిపాజిట్లకు నామినేషన్ ఉంది. వీలునామా ఉంది. రిజిస్టరైన జీపీఏ ఉంది. నామినీ పనిచేయాలంటే అమ్మ చనిపోవాలి. వీలునామా పనిచేయాలన్నా అంతే. జీపీఏ పనిచేయాలంటే అమ్మకు మతి ఉండాలి. అమ్మ ఈ రెంటికీ మధ్యలో ఉంది, బతికి ఉంది. ఆ మధ్య కాలం ఐదేళ్లు పట్టొచ్చు, పదేళ్లు పట్టొచ్చు. ఖర్చంతా ఆ కాలంలోనే. బతికున్నట్టు రుజువు చేయడానికి ఫోన్ ముందు కూర్చుని కళ్లు ఆర్పితే చాలు, లైఫ్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది, పెన్షన్ పడుతుంది. పడిన పెన్షన్‌ను ఆమె కోసం తీయడానికే దారి లేదు. చెయ్యి పడిపోయి సంతకం పెట్టలేని ఖాతాదారుకు రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో దారి చూపించింది. వేలిముద్ర వేయొచ్చు. అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర, ఇద్దరు సాక్షుల ఎదుట. శరీరం ఎంత పాడైనా ఫర్వాలేదు, బుర్ర మాత్రం సరిగ్గా ఉండాలి.

మరి కుటుంబాలు ఏం చేస్తున్నాయి? దాచడమెందుకు, నేను చేసిందే చెబుతాను. అమ్మ ఏటీఎం కార్డు నా పర్సులో ఉంది. అమ్మ సిమ్ నా ఫోన్‌లో ఉంది. ఓటీపీ నాకే వస్తుంది. ప్రతి నెలా అమ్మ డబ్బును దొంగలా తీసి, మందులకు, డైపర్లకు, అటెండెంట్‌కు ఖర్చుపెట్టి, ఒక నోటుబుక్కులో లెక్క రాస్తున్నాను. ఇది బ్యాంకు నిబంధనలకు విరుద్ధమని నాకు తెలుసు. పిల్లలకు చట్టం చెప్పే మనిషిని. నాకు తెలిసిన డిమెన్షియా ఇళ్లన్నిటిలోనూ ఇదే పద్ధతి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం లెక్క కట్టింది. అన్ని ఇళ్లలో ఎందరు కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు ఇలా దొంగచాటుగా నిజాయితీగా బతుకుతున్నారో మీరే ఊహించండి. వాళ్ల మధ్యలోనే, లెక్కే రాయకుండా నిజంగా దోచుకునేవాడు కూడా హాయిగా దాక్కుంటాడు. బయటి నుంచి చూస్తే వాడికీ నాకూ తేడా తెలియదు.

దగ్గరి దారులు చూపించినవాళ్లున్నారు. ఒక డాక్యుమెంట్ రైటర్ అయితే, ‘పాత జీపీఏ గొడవ వదిలేయండమ్మా, ఇల్లు మీ పేర సెటిల్‌మెంట్ రాసేద్దాం. డాక్టరు సర్టిఫికెట్ జోలికి పోకండి, అమ్మగారి వేలిముద్ర చాలు’ అన్నాడు. ఆయన చెప్పేదాంట్లో ఒక లెక్క ఉంది. జబ్బు ఉందని డాక్టరు రాసిస్తే బ్యాంకులో పని ఆగుతుంది. లేదని రాయించుకుంటే అబద్ధం. అసలు రాయించుకోకపోతే అన్నీ జరిగిపోతాయి. మన వ్యవస్థలో డిమెన్షియా ఉన్న మనిషికి అన్నిటికంటే ప్రమాదకరమైన కాగితం ఆమె మెడికల్ రిపోర్టే.

లాయరు గారిని అడిగితే హైకోర్టులో రిట్ వేయాలన్నారు. ఎందుకూ అంటే ఒక చిన్న చరిత్ర చెప్పారు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఒక అధ్యాయమే ఉండేది. బంధువులు జిల్లా కోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, విచారణ జరిపి, మనిషికి సంరక్షకుణ్ణి, ఆస్తికి మేనేజర్‌ను నియమించేవారు. 2017 చట్టం దాన్ని రద్దు చేసింది. కొత్త చట్టం చాలా విషయాల్లో పాతదానికంటే మానవత్వం ఉన్నది, అందులో సందేహం లేదు. మన తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషిని ముందే ఎంచుకునే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అనే ఏర్పాటు తెచ్చింది, మామూలు తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. కానీ అది మానసిక వైద్యానికి సంబంధించిన నిర్ణయాలకే. ఆస్తి సంగతి ఆ చట్టంలో లేదు. పాత తలుపు తీసేశారు, కొత్తది పెట్టడం మరిచారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి. మా అమ్మ అందులోకి రాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 14లో పరిమిత సంరక్షకత్వం ఉంది, జిల్లా కోర్టు గానీ రాష్ట్రం నోటిఫై చేసిన అధికారి గానీ ఇవ్వొచ్చు. ఆ కాగితం తీసుకెళ్తే బ్యాంకు వాళ్లు ఒప్పుకుంటారా అని అడిగాను. లాయరు గారు నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి రిట్. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు తల్లిదండ్రుల స్థానంలో నిలబడి సంరక్షకుణ్ణి నియమిస్తుంది. 2019లో కేరళ హైకోర్టు కోమాలో ఉన్నవారి విషయంలో ఇందుకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది, చట్టంలో ఖాళీ ఉందని గుర్తించే ఇచ్చింది. మంచిదే. కానీ ఒక ముసలమ్మ మందుల డబ్బు కోసం ఒక్కో కుటుంబం ఒక్కో రిట్ వేయాలా? మా అమ్మ ఇల్లు, బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌లో; అమ్మ ఉండేది నాతో తెలంగాణలో. నేలపాడు హైకోర్టుకు వెళ్లాలా, ఇక్కడి హైకోర్టుకా అన్నదాని మీదే ఇద్దరు లాయర్లు రెండు మాటలు చెప్పారు. ఈ లేఖ రెండు రాష్ట్రాలకూ కలిపి రాయడానికి కారణం అదే.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. విషయం చెబితే వాడికి అర్థమే కాలేదు. ‘పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదక్కా?’ అన్నాడు. ‘ఉందిరా, అమ్మకు జబ్బు చేసింది కాబట్టి అది చెల్లదు’ అన్నాను. ‘అదేంటి, జబ్బు చేస్తే పనికొస్తుందనే కదా రాయించుకునేది?’ అన్నాడు. వాడికి 48 ఏళ్లు, వాడూ మరదలూ ఒకరికొకరు అక్కడి లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మతి పోయినా చెల్లే అధికార పత్రం రాసుకున్నారు. అందులో రెండు రకాలు, ఆస్తి వ్యవహారాలకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి. రాసే మనిషికి విషయం అర్థమైందని, ఎవరూ ఒత్తిడి చేయడం లేదని ఒక స్వతంత్ర వ్యక్తి సంతకం పెట్టాలి. పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో రిజిస్టరు చేస్తే గానీ చెల్లదు. అధికారం తీసుకున్నవాళ్లు తప్పు చేస్తే ఆ ఆఫీసు విచారిస్తుంది, ప్రత్యేక కోర్టు వాళ్లను తొలగిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సెక్షన్ 201 వెనకున్న సూత్రం మనకు వచ్చింది ఇంగ్లండ్ నుంచే. మతి పోతే ఏజెన్సీ పోతుందన్నది వాళ్ల పాత న్యాయం. అది ముసలివాళ్లను నట్టేట ముంచుతోందని గ్రహించి 1985లో వాళ్లు చట్టం తెచ్చి మార్చుకున్నారు, మళ్లీ 2005లో ఇంకా గట్టిగా తిరగరాశారు. అమెరికాలో ఇది వాషింగ్టన్‌లో మొదలవలేదు. 1954లో వర్జీనియా అనే ఒక్క రాష్ట్రం మొదలుపెట్టింది, మిగతా రాష్ట్రాలు తర్వాత అందుకున్నాయి. జపాన్‌లో 2000 నుంచి ఉంది. సింగపూర్‌లో 2010 నుంచి ఉంది. సూత్రం అప్పిచ్చినవాళ్లే వదిలేసిన తర్వాత కూడా మనం దాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. నేనైతే ఏటా బోర్డు మీద రాయించి మరీ బట్టీ పట్టిస్తున్నాను.

మీలో చాలామందికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. మతి లేని తల్లి తరఫున కూతురికి సంతకం పెట్టే అధికారం ఇస్తే, రేపు ఎందరు తల్లులు రోడ్డున పడతారు? ఈ సందేహం వచ్చినందుకు మీకు నా గౌరవం పెరుగుతుంది గానీ తగ్గదు. మీ నియోజకవర్గాల్లో మీ దగ్గరికొచ్చే పంచాయితీల్లో సగం ఆస్తి పంచాయితీలే కదా. మా బంధువుల్లోనే ఒక పెద్దాయన మంచాన పడి మనుషుల్ని పోల్చుకోలేని స్థితిలో ఉండగా, ఒకే వారంలో ఇద్దరు కొడుకులు ఒకే పొలానికి రెండు వేర్వేరు దస్తావేజుల మీద ఆయన వేలిముద్ర వేయించుకున్నారు. పెద్దాయన పోయారు. కేసు ఇంకా నడుస్తోంది. అన్నదమ్ములు తద్దినానికి కూడా ఒక ఇంట్లో కలవరు. ఇది జరిగింది చట్టం లేకపోవడం వల్ల, ఉండడం వల్ల కాదు. తాళం లేని ఇంట్లోకి దొంగ ఏ వైపు నుంచైనా వస్తాడు.

అందుకే నేను అడిగేది విచ్చలవిడి అధికారం కాదు. కాగితంలో ‘నాకు మతిస్థిమితం పోయిన తర్వాత కూడా ఈ అధికారం కొనసాగాలి’ అని స్పష్టంగా రాసి ఉంటేనే సెక్షన్ 201 దానికి వర్తించకూడదు. మామూలు జీపీఏలు ఇప్పటిలాగే ఉండనివ్వండి. జీపీఏ పేరు చెబితేనే జనం భయపడేంతగా దాన్ని ప్లాట్ల అమ్మకాల్లో వాడేశారు. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అందుకని దీనికి పేరు కూడా వేరే పెట్టండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయండి. రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ తల్లితో ఒంటరిగా మాట్లాడాలి, మమ్మల్ని గది బయటికి పంపేయాలి. ఆ పని ఇప్పుడు ఎలా జరుగుతోందో మీకు తెలుసు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 35 ప్రకారం దస్తావేజు రాసిన మనిషి ‘ఇడియట్’ గానో ‘లూనటిక్’ గానో కనబడితే సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. ఇంగ్లిష్ మూలంలో ఇప్పటికీ ఆ మాటలే ఉన్నాయి. కనబడితే అట! క్యూలో ఇరవై దస్తావేజులున్న అధికారి ఒక్క చూపులో ఏం కనిపెడతాడు? రాసే మనిషి విషయం అర్థం చేసుకోగలరని అదే వారంలో డాక్టరు ఇచ్చిన సామర్థ్య పత్రం ఒకటి జత చేయమనండి.

కాగితం రాసిన రోజే కొడుకులు, కూతుళ్లు అందరికీ నోటీసు వెళ్లాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకూ వెళ్లాలి. అభ్యంతరం ఉంటే తల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడే బయటపడాలి, ఆవిడే సమాధానం చెబుతుంది. నోటీసు నిబంధన ఒక్కటి ఉన్నా మా బంధువుల ఇంట్లో జరిగింది జరిగేది కాదు. అధికారం ఉన్నవాళ్లు ఆ ఆస్తిని తమకు తాము గానీ, తమ భార్యకో భర్తకో పిల్లలకో గానీ దానంగా రాసుకోకూడదు. ఉన్న ఇల్లు అమ్మాలంటే జిల్లా కోర్టు అనుమతి కావాలి. నెల ఖర్చులకు, వైద్యానికి, అద్దె వసూలుకు, పన్ను కట్టడానికి మాత్రం ఎవరి గుమ్మం ఎక్కాల్సిన పని ఉండకూడదు. ఏటా ఒకసారి లెక్క దాఖలు చేయమనండి. నా నోటుబుక్కు సిద్ధంగానే ఉంది, చూపించడానికి ఒక కౌంటర్ లేదు, అంతే. ఆడపిల్ల తండ్రులు, ఒంటరిగా ఉన్న అత్తలు, పిల్లల్లేని పిన్నులు కూడా తమకు నచ్చిన మేనల్లుడినో, స్నేహితురాలినో ఎంచుకునే వీలుండాలి. రక్తసంబంధం తప్పనిసరి చేయకండి. చూసుకునేది ఎవరో పెద్దవాళ్లకు తెలుసు.

ఇది కేంద్ర చట్టం కదా, మా చేతిలో ఏముందని అనకండి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో 7వ అంశం ఒప్పందాలు. అందులో ఏజెన్సీ అన్న మాట పేరు పెట్టి మరీ ఉంది. మానసిక వైకల్యానికి సంబంధించిన 16వ అంశమూ అక్కడే ఉంది. 254వ అధికరణ రెండో క్లాజు కింద మీరు సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు. ఢిల్లీ కంటే ముందు నడవడం ఈ గడ్డకు కొత్త కూడా కాదు. ఎన్టీఆర్ గారి హయాంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అదే హక్కు దేశమంతటికీ రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా, 20 ఏళ్లు పట్టింది. కూతురికి ఆస్తిలో వాటా ఇవ్వడానికి తొందరపడిన శాసనసభకు, తల్లి ఆస్తితో తల్లినే సాకుకునే వీలు కల్పించడం పెద్ద పనేమీ కాదు.

బిల్లు సంగతి తేలేలోగా మీరు చేయగల చిన్న పనులు కూడా ఉన్నాయి. వికలాంగుల చట్టం కింద పరిమిత సంరక్షకత్వానికి ఎవరి దగ్గరికి, ఏ కాగితాలతో వెళ్లాలో ప్రతి కలెక్టరేట్‌లో ఒక బోర్డు పెట్టించండి. ఆ ఉత్తర్వును బ్యాంకులు ఒప్పుకునేలా రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశంలో మాట్లాడండి. సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే ప్రైవేట్ అటెండెన్స్ సదుపాయం చట్టంలో ఎప్పటినుంచో ఉంది. మంచం మీద ఉన్నవాళ్లకు దాన్ని పొద్దుటి పూట ఇవ్వమని ఒక సర్క్యులర్ జారీ చేయించండి. డిమెన్షియా తెలిసిన ఎవరినడిగినా పొద్దుటి పూటే ఎందుకో చెబుతారు.

మీ ద్వారా కాకపోయినా ఈ లేఖ కొందరు కొడుకులు, కూతుళ్ల కంట పడుతుంది కాబట్టి వాళ్లకు నాలుగు ముక్కలు. పాల లెక్క తప్పిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి దశలో ఉన్నవాళ్లు చాలావరకు అర్థం చేసుకుని సంతకం పెట్టగలరు, చట్టమూ అడ్డు చెప్పదు. ఆ వ్యవధిలోనే బ్యాంకు ఖాతాను, డిపాజిట్లను ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా నడపగల) పద్ధతిలో జాయింటు చేయించుకోండి, లాకరు కూడా. ఆస్తి కాస్త ఎక్కువ ఉంటే 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు రాయొచ్చు. రాసినవాళ్లకు మతి తప్పినా ట్రస్టు రద్దు కాదు, జీపీఏకీ దానికీ ఉన్న తేడా అదే. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ కాగితం రాయించండి. చివరి దశ వైద్యం ఎలా ఉండాలో చెప్పే లివింగ్ విల్‌ను 2023 నుంచి నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో ఇద్దరు సాక్షులతో రాసుకోవచ్చు. వీటన్నిటికంటే సులువని ఇల్లు ముందే పిల్లల పేర రాయించేసుకోమని కొందరు చెబుతారు. నేను చెప్పను. మతి ఉన్నా లేకపోయినా, అది వాళ్ల ఇల్లు.

వచ్చే సెమిస్టర్‌లో ఏజెన్సీ చాప్టర్ మళ్లీ వస్తుంది. మా పిల్లలు కొనుక్కునే చట్టాల పుస్తకాల్లో సెక్షన్ల కింద చిన్న అక్షరాల్లో రాష్ట్ర సవరణలు అచ్చు వేస్తారు. రిజిస్ట్రేషన్ చట్టంలో ప్రభుత్వ భూముల్లాంటివి రిజిస్టరు కాకుండా ఆపే సెక్షన్ 22-ఎ కింద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, ఎప్పుడు చూసినా కాస్త గర్వంగానే ఉంటుంది. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 201 కింద మాత్రం చోటు ఖాళీగా ఉంది. అక్కడ నాలుగు వరుసలు పడితే చాలు.

ఇట్లు,
బిజినెస్ లా చెప్పే ఒక కూతురు,
హైదరాబాద్